పొలానికి వచ్చిన విద్యార్థి



తొలకరి పడి, దుక్కులు సాగి, నారుమళ్లు పచ్చబడే రోజులలో మీ ఊరి బస్సు దిగి నలుగురైదుగురు చదువుకునే పిల్లలు, భుజాన సంచులు, చేతిలో నోటుపుస్తకాలతో రావడం మీలో చాలామంది చూసే ఉంటారు. "ఎవరర్రా వీళ్లు?" అని రచ్చబండ మీది పెద్దలు అడుగుతారు. "వ్యవసాయ కాలేజీ పిల్లలటండీ. కొన్నాళ్లు మన ఊళ్లోనే ఉండి పని నేర్చుకుంటారట" అని ఎవరో చెబుతారు. "అంత చదువు చదివినవాళ్లు మన దగ్గర నేర్చుకునేదేమిటి?" అని ఒకరంటారు. "సరే, నేర్చుకోనీ. వాళ్ల వల్ల మనకు ఒరిగేదేమిటి?" అని ఇంకొకరంటారు.

రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. ఈ రెంటికీ జవాబు చెప్పుకోవడమే ఈ ప్రసంగం ఉద్దేశం. ముందుగా ఒక మాట మనవి చేస్తాను. పిల్లలు ఊరికి వచ్చినంత మాత్రాన పని నేర్వరు. ఊరు వారికి పని అప్పగిస్తేనే నేరుస్తారు. అప్పగించడమంటే చేతికి పార ఇచ్చి గట్టు మీద నిలబెట్టి ఫొటో తీయించడం కాదు. మొదలూ తుదీ గల పని, చెడితే జవాబు చెప్పుకోవలసిన పని, ఫలితం కళ్లారా చూడదగిన పని వారి చేతిలో పెట్టాలి. అటువంటి పని చిన్నదైనా సరే. అదే వారికి విద్య, అదే మీకు లాభం.

చదువును పనితో జోడించాలనే ఆలోచన మన దేశానికి కొత్తది కాదు. 1937లో వార్ధాలో జరిగిన విద్యా సమావేశంలో గాంధీజీ, చేతిపని ద్వారానే చదువు సాగాలని ప్రతిపాదించారు. తరువాత 1964 నుంచి 1966 దాకా పనిచేసిన కొఠారీ విద్యా సంఘం, విద్యార్థి దశలన్నిటిలోనూ పని అనుభవం చదువులో భాగం కావాలని సిఫారసు చేసింది. బడిలో కానీ, ఇంటిలో కానీ, కార్ఖానాలో కానీ, పొలంలో కానీ నిజంగా ఉత్పత్తి జరిగే పనిలో విద్యార్థి పాలుపంచుకోవాలన్నది ఆ సంఘం భావం. 1969 సెప్టెంబరు 24న జాతీయ సేవా పథకం 37 విశ్వవిద్యాలయాలలో, సుమారు 40,000 మంది విద్యార్థులతో మొదలయింది. ఆ పథకంలో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఏడు రోజుల ప్రత్యేక శిబిరం కూడా ఉంటుంది. మీ ఊళ్లో కాలువ పూడిక తీసినదీ, బడి ఆవరణలో మొక్కలు నాటినదీ చాలాసార్లు వీళ్లే.

అంతకు ముందే మన హైదరాబాదు చెంత ఒక మంచి ప్రయత్నం జరిగింది. 1951–52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు శామీర్‌పేట గ్రామంలో ఒక సేవా విస్తరణ పథకం నడిపారు. సమాజ శాస్త్రజ్ఞులు శ్యామ చరణ్ దుబే గారి నాయకత్వాన వ్యవసాయం, పశువైద్యం, వైద్యం, విద్య మొదలైన శాఖలవారు ఆ ఊరికి వెళ్లారు. ఒక చేత్తో సేవ, ఒక చేత్తో అధ్యయనం. ఆ అనుభవం నుంచే 1955లో దుబే గారి 'ఇండియన్ విలేజ్' అనే ఇంగ్లీషు గ్రంథం వెలువడింది. ఒక తెలుగు పల్లె తన జీవితాన్ని చూపిస్తే, చదువుకున్న లోకం అంతా కూర్చుని చదివింది. కాబట్టి "మన దగ్గర నేర్చుకునేదేమిటి" అనే మాట ఇక అనకండి.

ఇప్పుడు వ్యవసాయ కళాశాలల సంగతి. డిగ్రీ చివరి సంవత్సరంలో విద్యార్థులు గ్రామాలలో ఉండి పని నేర్చే ఏర్పాటుకు గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం అని పేరు. పిల్లలు పొట్టిగా 'రావె' అంటారు. భారత వ్యవసాయ పరిశోధన మండలి ఏర్పరచిన ఐదవ డీన్ల సంఘం దీనికి 20 వారాల లెక్క చూపింది. ఒక వారం ముందస్తు శిక్షణ, 8 వారాలు గ్రామంలో, 5 వారాలు పరిశోధనా స్థానంలోనో కృషి విజ్ఞాన కేంద్రంలోనో, 2 వారాలు మొక్కల చికిత్సా కేంద్రంలో, 3 వారాలు వ్యవసాయ పరిశ్రమలలో, చివరి వారం నివేదిక. కాలాన్ని బట్టి, కళాశాలను బట్టి ఈ లెక్కలో మార్పులుంటాయి. మనకు ముఖ్యమైనది గ్రామంలో గడిపే ఆ కాలం. ఒక్కొక్క విద్యార్థిని ఒక్కొక్క రైతుకు జతచేస్తారు. ఆ రైతు పొలమే వాని తరగతి గది, ఆ రైతే వానికి గురువు.

ఇంతవరకు బాగానే ఉంది. అయితే ఇందులో ఒక చిక్కున్నది. దాన్ని దాచుకోకుండా మాట్లాడుకుందాం.

కూలి లేకుండా చేసే పనికి మన తెలుగుదేశంలో రెండు పేర్లున్నాయి. ఒకటి శ్రమదానం. రెండవది వెట్టి. నిజాం రాజ్యంలో, దేశ్‌ముఖుల గడీలలో, తరతరాలు వెట్టి చాకిరి చేసి నడుములు విరిగినవారి మనుమలు, మునిమనుమలు నేడు మన మధ్యనే ఉన్నారు. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. అందువల్ల "ఊరికే వచ్చి పనిచెయ్యి" అనే మాట మన పల్లెలలో తేలికగా అనవలసిన మాట కాదు. ఎంత మంచి పేరు పెట్టినా, జనం దాని వెనుక పాత వాసన పసిగడతారు.

1952 అక్టోబరు 2న సామాజిక వికాస పథకాలు మొదలైనప్పుడు శ్రమదానం దేశమంతటా మారుమోగింది. మైళ్లకొద్దీ రోడ్లు పడ్డాయి. కాని అదే దుబే గారు ఉత్తర ప్రదేశ్ గ్రామాలలో ఆ పథకాన్ని పరిశీలించి 1958లో రాసిన పుస్తకంలో ఒక చేదు నిజం చెప్పారు. శ్రమదానంలో మట్టి తవ్వినవారు ఎక్కువగా పేదలు. వారికి ఆనాటి కూలి పోయింది. వేసిన రోడ్డు మీద బండ్లు తోలుకొని లాభం పొందినవారు భూమీ బండీ ఉన్న ఆసాములు. పెద్దలు పర్యవేక్షణ చేశారు. అంతే. ఆరు దశాబ్దాలు దాటినా ఈ పాఠం పాతబడలేదు.

కాబట్టి విద్యార్థికైనా, మీ ఊరి యువకునికైనా స్వచ్ఛందంగా పని చెప్పేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది: ఈ పని వల్ల లాభం ఎవరికి? ఊరందరికీనా, ఒక్క ఇంటికేనా? ఒక్క ఇంటికే అయితే అది సేవ కాదు, కూలి పని. కూలి ఇవ్వవలసిందే.

రెండవది: ఈ పనికి మామూలుగా కూలివాళ్లను పిలుస్తామా? పిలిచేదే అయితే, పిల్లలు వచ్చారు గదా అని ఆ కూలివాళ్లను మానిపించకండి. నాట్లు వేయడం ఎట్లాగో పిల్లవాడు ఒక పూట ఆడవాళ్ల వరుసలో వంగి నేర్చుకోవాలి. తప్పకుండా నేర్చుకోవాలి. కాని ఇరవైమంది విద్యార్థులను దించి ఎకరం నాటు ముగించి, నాటుకు వచ్చే ఆడవాళ్ల కూలి మిగుల్చుకోవడం పేదవాని నోటికాడి కూడు తీయడమే.

మూడవది: పనిచేసేవాడు ఇందులో ఏమి నేరుస్తాడు? చివరిదాకా ఉండి ఫలితం చూస్తాడా? చూడకపోతే అది వానికి వేడుకే కాని పని కాదు.

నా అనుభవంలో ఒకటి చెబుతాను. కొన్నేళ్ల క్రిందట ఒక ఊళ్లో విద్యార్థుల శిబిరం జరిగింది. ఏడు రోజులు. పాపం పిల్లలు ఎండలో చెమటోడ్చి, పొలాలకు పోయే డొంకదారి మీద మట్టి పోసి చక్కగా ఎత్తుచేశారు. చివరిరోజు సభ, దండలు, ఫొటోలు. మూడు నెలల తరువాత నేను అదే ఊరికి పోయాను. దారి లేదు. వాగు నీరు అడ్డంగా పారే చోట తూము వేయకుండా మట్టి పోశారు. మొదటి పెద్ద వానకే కొట్టుకుపోయింది. పైగా నీళ్లు నిలిచి పక్కన ఇద్దరు చిన్నరైతుల మళ్లు మునిగాయి. నీరు ఎటు పారుతుందో ఆ ఇద్దరు రైతులకు తెలుసు. వాళ్లను ఎవరూ అడగలేదు. విద్యార్థులకేమో తాము కట్టింది కూలిందన్న కబురైనా అందలేదు. తాము మంచిపని చేశామనే అనుకుంటూ ఈపాటికి ఉద్యోగాలలో ఉండి ఉంటారు. తప్పు పిల్లలది కాదు. పని పెట్టిన మనది.

దానికి ఎదురుగా ఇంకొక ఊరి సంగతి. వేరుశనగ పండించే మెట్ట ఊరు. అక్కడికి వచ్చిన ఒక అమ్మాయిని ఒక పెద్దాయనకు జతచేశారు. ఆయన తన ఇంటి విత్తనమే వేస్తాడు, కొన్నది నమ్మడు. "తాతా, విత్తే ముందు మొలక చూద్దామా?" అన్నది. "నా విత్తనానికి పరీక్షా?" అని ఆయన నవ్వాడు. నవ్వుతూనే గుప్పెడు కాయలిచ్చాడు. ఆ పిల్ల వాటిని వలిచి, నూరు గింజలు ఏరకుండా లెక్కపెట్టి, తడి గోనెపట్టా మీద పది వరుసలుగా పేర్చి, చుట్టి, నీడన పెట్టింది. రోజూ నీళ్లు చిలకరించింది. పదవ రోజు విప్పితే మొలిచినవి అరవైకి లోపు. వేరుశనగ విత్తనం నూటికి 70 అయినా మొలవాలన్నది ధృవీకరణ ప్రమాణం. ఆ పెద్దాయన నవ్వడం మానేశాడు. నిల్వలో పురుగు పట్టిన బస్తాలు పక్కనపెట్టి, మంచి బస్తాలు విడదీసి, తక్కువ పడ్డ విత్తనం మరొకచోట తెచ్చుకున్నాడు. విత్తిన తరువాత ఆ అమ్మాయి పొలంలో సాలు కొలిచి మొలకలు లెక్కపెట్టింది. పరీక్షలో వచ్చిన లెక్కకూ, నేలలో వచ్చిన లెక్కకూ తేడా ఎంతో, ఎందుకో ఆయన ఆమెకు చెప్పాడు. చీమలు తీసుకుపోయినవెన్ని, లోతుగా పడినవెన్ని, ఆ సంగతి పుస్తకంలో లేదు, ఆయన కంటిలో ఉన్నది. చూశారా, ఇద్దరూ గురువులే, ఇద్దరూ శిష్యులే.

ఇటువంటి పనులు ఏవేవి ఉన్నాయి, ఎట్లా చేయించాలి అన్నది ఇప్పుడు వరుసగా చెప్పుకుందాం. ఎనిమిది వారాల కాలం ఉన్నదనుకుందాం.

మొదటి వారం పిల్లలకు ఏ పనీ చెప్పకండి. ఊరు చూపండి. చెరువు, తూము, కాలువ చివరి భూములు, బోర్లు ఎండిన మిట్ట, పశువుల దొడ్లు, ఎరువుల దుకాణం, బ్యాంకు, పాల కేంద్రం. రోడ్డు పక్క పొలాలే కాదు, లోపలి పొలాలు చూపండి. సొంత భూమి ఉన్నవారే కాదు, కౌలుకు చేసేవారి ఇళ్లకు, కూలినాలి చేసుకొని బ్రతికేవారి వాడలకు తీసుకుపోండి. దూరపు కొండలు నునుపు అన్నట్లు, బస్సు కిటికీలోంచి చూస్తే పల్లె అంతా పచ్చగానే కనబడుతుంది.

రెండవ వారం మట్టి నమూనాలు. ఇది పిల్లలు బాగా చేయగల పని, రైతు సాధారణంగా బద్ధకించే పని. ఎకరంలో పది చోట్లయినా అడ్డదిడ్డంగా నడుస్తూ, పైన చెత్త తీసివేసి, ఇంగ్లీషు 'వి' అక్షరం ఆకారంలో అరడుగు లోతు గుంట తీయాలి. ఆ గుంట పక్కనుంచి పైనుంచి కిందికి సమానంగా మట్టి చెక్కాలి. అన్ని చోట్ల మట్టినీ కలిపి, గుండ్రంగా పరచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసివేయాలి. అరకిలో మిగిలేదాకా అట్లాగే చేయాలి. గట్ల దగ్గర, చెట్ల కింద, ఎరువు కుప్పలు పోసిన చోట తీయకూడదు. నీడన ఆరబెట్టి, గుడ్డసంచిలో పోసి, రైతు పేరు, సర్వే నంబరు, ముందు వేసిన పైరు, వేయబోయే పైరు రాసిన చీటీ పెట్టాలి. ఇక్కడితో పని అయిపోలేదు. ఫలితం వచ్చినప్పుడు ఆ పిల్లవాడే రైతు ఇంటికి పోయి, "మీ నేలలో ఇది తక్కువగా ఉంది, ఈ ఎరువు ఇంత తగ్గించవచ్చు" అని కూర్చుని చెప్పాలి. నమూనా తీసి ఫలితం చెప్పకుండా పోయినవాడు ఏరు దాటి తెప్ప తగలేసినవాడు.

మూడవ వారం నుంచి సాగు ఖర్చుల లెక్క. ఇది అన్నిటికంటె విలువైన పని అని నా నమ్మకం. ఒక రైతు, వీలైతే ఒక కౌలురైతు, ఆ పైరుకు పెట్టే ప్రతి పైసా విద్యార్థి రాయాలి. దున్నకం, విత్తనం, ఎరువు, మందులు, కూలి, డీజిలు, కౌలు, అప్పుకు వడ్డీ. రైతు ఇంట్లోవాళ్లు చేసే పని కూడా రోజుల లెక్కన రాయాలి. ఆడవాళ్ల పని మరచిపోకూడదు. ఇంటి ఆడవాళ్లు పొలంలో పెట్టిన రోజులు లెక్క వేస్తే చాలా ఇళ్లలో మగవాళ్లే ఆశ్చర్యపోతారు. ఈ లెక్క రైతుకు తాను ఎక్కడ నష్టపోతున్నాడో చూపిస్తుంది. విద్యార్థికి పుస్తకంలోని సిఫారసుకూ రైతు చేతిలోని రూపాయికీ మధ్య ఎంత దూరమున్నదో చూపిస్తుంది. రేపు అతడే వ్యవసాయాధికారి అవుతాడు. "ఈ మందు ఎందుకు వాడలేదు?" అని రైతును గద్దించే ముందు ఈ లెక్క అతనికి గుర్తుకు రావాలి.

నాలుగు, ఐదు వారాలలో పైరు పరిశీలన. వారానికి రెండుసార్లు ఒకే పొలానికి, ఒకే వేళకు వెళ్లి, ఐదారు చోట్ల మొక్కలు పరీక్షించి, చెడ్డ పురుగులెన్ని, వాటిని తినే సాలీళ్లు, అక్షింతల పురుగులు ఎన్ని అని రాసుకోవాలి. ఆ లెక్క తీసుకొని వ్యవసాయ విస్తరణాధికారి దగ్గరకు పోవాలి. మందు కొట్టాలా వద్దా అన్నది అప్పుడు తేలాలి. దుకాణదారు చెప్పాడనో, పక్కవాడు కొట్టాడనో కొట్టే మందులలో ఎన్ని అనవసరమో రైతుకు ఈ లెక్కే చెబుతుంది.

ఆరు, ఏడు వారాలలో ఊరికంతటికీ పనికివచ్చే ఒక పని పూర్తిచేయించండి. ఒకటే. బడిలో పెరటి తోట కావచ్చు. చెత్తతో వానపాముల ఎరువు తొట్టి కావచ్చు. పశువులకు టీకాలు వేసే రోజున ఇంటింటికీ కబురు చెప్పి, పేర్లు రాసి, పశువైద్యునికి సాయంగా నిలబడటం కావచ్చు. పని మొదలుపెట్టకముందే ఒక ప్రశ్నకు జవాబు రాసుకోండి: పిల్లలు పోయిన తరువాత దీనిని ఎవరు చూస్తారు? ఆ మనిషి పేరు తేలనిదే పార పట్టవద్దు. నీళ్లు పోసేవారు లేని మొక్క నాటడం కంటె నాటకపోవడమే నయం.

ఎనిమిదవ వారం అప్పగింత. పిల్లలు ఊరివారిని పిలిచి, తాము ఏమి చేశారు, ఏమి చేయలేకపోయారు, ఏమి నేర్చుకున్నారు అన్నది తెలుగులో చెప్పాలి. రైతులు ప్రశ్నలు వేయాలి. కళాశాలవారు వేసే మార్కులకంటె ఈ సభలో చెప్పుకునే జవాబు గట్టిది. కోతలనాటికి ఒక్కరోజు తిరిగి రమ్మని మాట తీసుకోండి. ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు కొలిచి కోసి, నూర్చి, తూచి, వచ్చిన కిలోలను 162తో హెచ్చవేస్తే ఎకరం దిగుబడి అందాజుగా తెలుస్తుంది. ఉదాహరణకు 14 కిలోలు వస్తే ఎకరానికి 2,268 కిలోలు. గింజలో తేమ ఉంటే ఆ మేరకు తగ్గించుకోవాలి. తాను లెక్కలు రాసిన పొలం చివరకు ఎంత పండిందో చూడని విద్యార్థికి కథ సగంలో ఆగినట్లే.

ఇక జాగ్రత్తల సంగతి. పరాయి బిడ్డలు మన ఊరికి వస్తున్నారు. వారి క్షేమం మన బాధ్యత.

పురుగుమందులు కలపడం, కొట్టడం వారిచేత చేయించవద్దు. మోటారు స్టార్టరు, తెగిన తీగలు ముట్టుకోనివ్వవద్దు. దిగుడు బావుల దగ్గరకు ఒంటరిగా పంపవద్దు. ఎండ ముదిరే వేళ పని ఆపించండి, మంచినీళ్లు దగ్గర పెట్టండి. పాము కరిస్తే కట్లు కట్టి, కోసి, మంత్రాల కోసం పరుగెత్తవద్దు. కాలు చేయి కదలనీయకుండా, ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఏ ఆసుపత్రిలో విషానికి విరుగుడు ఇంజెక్షను ఉంటుందో పిల్లలు వచ్చిన రోజే కనుక్కోండి.

నేడు వ్యవసాయ కళాశాలలలో ఆడపిల్లలు చాలామంది చదువుతున్నారు. వారు ఊళ్లో ఉండాలంటే గడియ ఉన్న గది, మరుగుదొడ్డి, రాత్రివేళ తోడుగా ఉండే ఒక ఇల్లాలు, ఈ మూడూ ముందుగా ఏర్పాటు కావాలి. ఇవి లేక ఆడపిల్లలు రోజూ బస్సులో వచ్చి పోతే, తెల్లవారుజామున పాలు పితికే వేళ, సాయంత్రం కూలి లెక్క చూసే వేళ వారు ఊళ్లో ఉండరు. నేర్చుకోవలసినది అంతా ఆ వేళలలోనే ఉన్నది.

బడి పిల్లల విషయం వేరు. 14 ఏళ్లు నిండనివారిని పనిలో పెట్టుకోవడాన్ని చట్టం నిషేధించింది. 2016లో చేసిన సవరణ ప్రకారం 14 నుంచి 18 ఏళ్ల వారిని ప్రమాదకరమైన పనులలో పెట్టరాదు. బడి అయిన తరువాత సొంత ఇంటి పనిలో సాయపడవచ్చు, అదైనా చదువు చెడకుండా, ప్రమాదం లేకుండా ఉండాలి. 'పని అనుభవం' పేరు చెప్పి పత్తి చేనుకు పిల్లలను తోలడం నేరం. పెరటి తోటలో మడి కట్టి, పాదు తీసి, పండిన కూర మధ్యాహ్న భోజనంలోకి ఇవ్వడం చదువు. ఈ రెంటికీ ఉన్న తేడా ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఎరిగి ఉండాలి.

విస్తరణ కార్యకర్తలతో ఒక్క మాట. విద్యార్థులను జతచేయమని మీకు జాబితా వచ్చినప్పుడు, మీకు పరిచయమైన నలుగురు పెద్దరైతుల పేర్లు రాసి పంపడం తేలిక. మేడ ఉంటుంది, కారు ఉంటుంది, భోజనానికి లోటుండదు. ఆ పిల్లలు వ్యవసాయమంటే అదేననుకొని పోతారు. జాబితాలో ఒక చిన్నరైతు, ఒక కౌలురైతు, తన పేర పట్టా ఉన్నా లేకున్నా సేద్యమంతా తానే నడిపే ఒక స్త్రీ, గొర్రెలో పాడిపశువులో ఆధారంగా బ్రతికే ఒక కుటుంబం ఉండేటట్లు చూడండి. బస ఎక్కడైనా ఏర్పాటు చేయవచ్చు. జతచేసే పొలం మాత్రం ఆలోచించి ఎంచండి. రైతుకు కూడా ముందుగా చెప్పండి: ఏ రోజు వస్తారు, ఎన్నాళ్లుంటారు, ఏమి చేస్తారు, ఏమి చేయరు. పని తొందరలో ఉన్న రైతు దగ్గరకు చెప్పకుండా ఆరుగురిని పంపి, గంటసేపు ప్రశ్నలు వేయించడం సేవ కాదు, హింస.

ఇంతసేపూ ఊరికి వచ్చే పిల్లల గురించి చెప్పాను. ఊళ్లోనే ఉన్న మీ పిల్లల మాటేమిటి? పదో తరగతి తప్పినవాడు, డిగ్రీ చదివి ఉద్యోగం దొరకక ఇంటికి వచ్చినవాడు, పెళ్లి అయ్యేదాకా అని చదువు మానిపించిన అమ్మాయి, వీరికి ఏ కళాశాలా కార్యక్రమం రాదు. విద్యార్థులు వచ్చినప్పుడు ఒక్కొక్కరి పక్కన మీ ఊరి యువతీయువకులలో ఒక్కొక్కరిని జతకట్టండి. మట్టి నమూనా తీయడం, మొలక పరీక్ష, పురుగుల లెక్క, ఖర్చుల పుస్తకం, ఇవన్నీ వారూ నేరుస్తారు. విద్యార్థి ఎనిమిది వారాలకు పోతాడు, నేర్చిన చేయి ఊళ్లోనే ఉంటుంది. మరుసటి సంవత్సరం ఆ యువకుడే ఇంకో పదిమంది రైతులకు మొలక పరీక్ష చేసిపెట్టగలడు. అప్పుడు దానికి న్యాయమైన రుసుము ఇవ్వండి. సేవతో మొదలైన పని జీవనోపాధిగా మారితే అంతకంటె కావలసినదేమున్నది?

"మా అబ్బాయికి ఈ మట్టి పని ఎందుకండీ, మేము పడ్డ కష్టం చాలు" అని మీలో కొందరంటారు. ఆ మాటలో ఎంత బాధ ఉన్నదో నాకు తెలుసు. పిల్లలందరూ రైతులే కావాలని నేను చెప్పడం లేదు. అందరూ అందలమెక్కితే మోసేవారెవరు అని సామెత చెప్పి మీ పిల్లలను ఆపడం నాకు ఇష్టం లేదు. మోసేవారి బిడ్డలూ ఎక్కవలసిందే. కాని బ్యాంకులో కూర్చుని పంట అప్పు కాగితం మీద సంతకం చేసేవాడు, నీటిపారుదల శాఖలో తూము కొలతలు రాసేవాడు, దిగుబడి లెక్క కట్టి బీమా నిర్ణయించేవాడు, వీళ్లలో ప్రతి ఒక్కరూ తన యౌవనంలో ఒక్క పంటకాలమైనా ఒక రైతు వెంట నడిచి ఉంటే, మీ కాగితం మీద పడే సంతకం వేరుగా ఉంటుంది.

రేపు మీ ఊరికి విద్యార్థులు వస్తే ముందు మంచినీళ్లివ్వండి. తరువాత ఒక పని అప్పగించండి. అది నూరు గింజల మొలక పరీక్ష అయినా సరే. పదవ రోజున గోనెపట్టా విప్పేటప్పుడు మీరూ పక్కనే కూర్చుని లెక్కపెట్టండి.